ఆ వృద్ధురాలికి పేరు లేదా?

మా చిన్నప్పుడు... నెల్లూరు నుంచి మామ వచ్చాడంటే సంచిలో మిఠాయిలు కాదు, పాత తెలుగు పేపర్ల కట్ట ఉండేది! అలమర అరల్లో పరవడానికి అమ్మ తెప్పించుకునేది. కానీ మా అవ్వ చెంగమ్మ ఊరుకుంటేగా... ప్రతి కాగితం చదివి వినిపించాకే అరలోకి పోవాలి.

మాది తమిళులుండే ఊరు, మురుంగపాక్కం. మా ఇంట్లో మాటలన్నీ తెలుగే, చదువులు మాత్రం తమిళం. తెలుగు అక్షరాలు అమ్మకూ, అమ్మ దగ్గర నేర్చుకున్న నాకూ తప్ప ఎవరికీ రావు. అందుకని చదివే పని నాది. ఎన్ని నెలల కిందటి వార్తైనా అవ్వకు అప్పుడే జరిగినట్టే.

ఆ పేపర్లలో ఒక మాట మాటిమాటికీ తగిలేది... వృద్ధురాలు. గొలుసు పోగొట్టుకున్న వృద్ధురాలు, దారి తప్పిన వృద్ధురాలు, చలికి తట్టుకోలేని వృద్ధురాలు... ఒక్క వార్తలోనైనా ఆమెకు మంచి జరిగితే ఒట్టు!

తాత పోయిన ఏడాది అది. మా తోటలో కాసిన వంకాయలు, బెండకాయలు గంపకెత్తుకుని అవ్వ తెల్లారే బస్సెక్కి టౌన్లో పెద్ద మార్కెట్టుకు పోయేది. ఒక్కతే పోవడం నాయనకు ఇష్టం లేదు. తోట కౌలుకిచ్చి ఇంటిపట్టున ఉండమని రోజూ పోరు. అవ్వకేమో ఆ గంపే ప్రాణం.

ఒక ఆదివారం గట్టిగా చదువుతున్నాను... "బస్సు దిగుతూ జారిపడిన వృద్ధురాలు".

నాయనకు అదే దొరికింది. "ఇన్నావా అమ్మా? అందుకే చెప్తా ఉండేది. ఇంక మార్కెట్టు వద్దు."

అవ్వ నా వైపు తిరిగింది. "పాపా, వయసెంత ఏసినాడు?"

"యాభై, అవ్వా."

"యాభైకే ముసిలిదా! వాని నోట్లో మన్నుబడ!" అవ్వకు అప్పటికి యాభై రెండు. "సరే, పేరేంది?"

మళ్ళీ మొదటి నుంచి వెతికాను. ఊరుంది, బస్సు నంబరుంది... పేరు లేదు.

"బస్సుకు నంబరేసినాడు, ఆ తల్లికి పేరెయ్యలేదా?" అంది అవ్వ. "పేరు లేని మనిషి యాడో పడిందని ఈ చెంగమ్మ ఇంట్లో కూసోవాల్నా? పోరా!"

నాయనకు నవ్వాగలేదు. నవ్వాక ఇంకేం పోట్లాడతాడు! మర్నాడు గంప బస్సు దాకా తనే మోసుకెళ్ళాడు.

ఆ రోజు నుంచి నాకు హుకుం... ఆ మాట వస్తే ఏదో ఒక పేరు పెట్టి చదవాలి. "కుప్పమ్మ గొలుసు పోయింది." "రాజమ్మ దారి తప్పింది." అవ్వ వెంటనే, "మళ్ళా ఇంటికి చేరిందంటనా?" అని అడిగేది. పేపర్లో లేకపోయినా "చేరిందవ్వా" అనేదాన్ని.

అవ్వ ఇంకా చాలా ఏళ్ళు గంప మోసింది. ఇప్పుడు లేదు. నాకూ యాభై దాటాయి... ఈ వయసుకు పేపర్లు ఇప్పుడు ఆ మాట వాడడం లేదులెండి. కానీ డెబ్బై దాటినవాళ్ళ సంగతి అప్పట్లాగే ఉంది.

ఇప్పుడు వార్తలు ఫోనే చదివి వినిపిస్తుంది. నిన్న పొద్దున వంట చేస్తుంటే "రోడ్డు దాటుతున్న వృద్ధురాలు..." అంది. దానికి మా అవ్వ తెలియదు కదా, ఆగకుండా చదువుకుంటూ పోయింది. చేతిలో గరిటెతోనే నేను పైకి అన్నాను... "చెంగమ్మ" అని. కళ్ళు నిండాయి. ఇంటికి చేరిందా అని అడిగే మనిషి లేదు మరి...

మీ అవ్వల గురించి కింద రాయండి. ఉత్త "మా అవ్వ" అని కాదు... పేరు పెట్టి రాయండి.