జహంగీర్ నెత్తిన పన్నెండు టోపీలు

కోరుట్లలో పరుపులు కుట్టే జహంగీర్ బట్టతల మీద ఎప్పుడూ కాస్త దూది ఉంటుంది. భార్య మదార్బీ అల్లిన తెల్ల టోపీకి ఆ దూది అంటకూడదని, దాన్ని మడిచి జేబులోనే దాచుకుంటాడు. మసీదుకు వెళ్లాక జేబు సంగతి మరిచిపోయి, తలుపు దగ్గర బుట్టలో అందరికోసం పెట్టిన ప్లాస్టిక్ టోపీ ఒకటి పెట్టుకుంటాడు. మొన్న శుక్రవారం బుట్ట ఖాళీ అయింది. సగంమంది తలకు చేతిరుమాళ్లు కట్టుకున్నారు. అందరికంటే గట్టిగా అరిచింది జహంగీరే. "అల్లా ఇంట్ల టోపీలు ఎత్కపోయేటోడు ఎవడుర వాడు!"

ఇంటికి రాగానే మదార్బీ బీరువా తెరిచి చూపించింది. పన్నెండు టోపీలు. "నెత్తిన పెట్టుకోని అస్తుంటే కొనుక్కుంటున్నవేమో అనుకున్న."

సంచిలో తీసుకెళ్తే దొంగ అంటారని, సాయంత్రం పన్నెండూ ఒకదాని మీద ఒకటి తొడుక్కొని, మెడ కదపకుండా మసీదుకు నడిచాడు. నిలబడ్డంతసేపూ బాగానే ఉంది. నుదురు నేలకు ఆనించగానే టోపీలన్నీ ముందు వరుస దాకా దొర్లాయి. నమాజులో నవ్వకూడదు కనుక ఎవరూ నవ్వలేదు. భుజాలు మాత్రం వరుసంతా ఊగాయి. నమాజు ముగిశాక ఇమాం సాబ్ పదకొండు ఏరి బుట్టలో వేశాడు. "దొంగెవరని అడగకుండ్రి, టోపీలైతే అచ్చినయి" అన్నాడు. పక్కనున్న ముసలాయన జాలిపడి, పన్నెండోది తీసి జహంగీర్ బోడి నెత్తిన పెట్టాడు.

బరువు దిగినవాడిలా ఇంటికొచ్చాడు జహంగీర్. మదార్బీ అతని నెత్తి వైపు ఒకసారి చూసి, లేచి బీరువా తెరిచింది.