పాయింట్ల అల్లుడు

పాండురంగ రెండేళ్లపాటు భార్య ఇంట్లో అద్దెకున్నాడు. ఇది నేను ఎగతాళికి అంటున్న మాట కాదు, బ్యాంకు కాగితం మీద ఉన్న మాట. పదిహేను రోజులకోసారి కిరణ్మయి ఖాతాలో డబ్బు వేసి, వివరం రాయమన్న చోట ‘రెంట్’ అని టైపు చేసేవాడు.

నేను హారిస్‌డేల్‌లో వాళ్ల ఎదురింటి మనిషిని. పేరు రత్నకుమారి. తెనాలి నుంచి ఆస్ట్రేలియాలోని ఈ పెర్త్ వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. ఫార్మసీలో పనిచేసి రిటైరయ్యాను. మందుల షాపులో అన్నేళ్లు నిలబడ్డాక పదిమంది సంగతులు తెలియడమూ సహజం, నోరు మూసుకోవడం అలవాటవడమూ సహజం. రెండోది నాకు సరిగ్గా అబ్బలేదు.

పాండురంగది ప్రొద్దుటూరు. ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్ చేయడానికి ఇక్కడి యూనికి వచ్చి, చదువయ్యాక కానింగ్ వేల్‌లో స్విచ్‌బోర్డులు తయారుచేసే చోట ఉద్యోగంలో చేరాడు. పొడుగు మనిషి, మాట పొదుపు. ఒకసారి మా హాల్లో ఫ్యాను ఆగిపోతే చూసిపెట్టమన్నాను. “లైసెన్స్ లేకుండా ముట్టకూడదు ఆంటీ” అని ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి, అతను పనిచేసినంతసేపూ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. రూలంటే అంత గురి.

సొంత అర్హత మీద పీఆర్, అంటే శాశ్వతంగా ఉండిపోయే వీసా, తెచ్చుకోవాలంటే ఇక్కడ పాయింట్లు లెక్కేస్తారు. వయసుకిన్ని, ఇంగ్లీషుకిన్ని, అనుభవానికిన్ని. పాండురంగకి కొద్దిలో తప్పిపోతూ వచ్చాయి. ఆ రోజుల్లోనే బ్యాడ్మింటన్ కోర్టులో కిరణ్మయి పరిచయమైంది. ఫిజియోథెరపిస్టు, ఇక్కడే పుట్టిన పిల్ల, అప్పటికే సొంతంగా ఇల్లు కొనుక్కుంది. ఇద్దరూ ఇష్టపడ్డారు. వాళ్ల నాన్న ఈశ్వరప్రసాద్ గారు మా పాత స్నేహితుడు, రోడ్లూ వంతెనలూ కట్టించిన సివిల్ ఇంజనీరు. ఆయన నాలుగు రోజులు ఆలోచించి సరేనన్నారు.

నిశ్చితార్థం అయిన మధ్యాహ్నం వాళ్ల పెరట్లో బార్బీ, అంటే బార్బెక్యూ విందు, పెట్టారు. నలభై మందిమి ఉన్నాం. ఈశ్వరప్రసాద్ గారు పట్టకారుతో చికెన్ ముక్కలు తిప్పుతూ గట్టిగా అడిగారు.

“అల్లుడూ, పీఆర్‌కి ఎన్ని పాయింట్లు తగ్గాయేంటి నీకు? మా అమ్మాయిని కలుపుకుంటే సరిపోయాయా?”

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. పాండురంగ కూడా నవ్వాడు, కానీ ఆ తర్వాత ప్లేటులో ఏమీ పెట్టుకోలేదు. అది నేను చూశాను, చూసి ఊరుకున్నాను. నెల తిరక్కుండానే మన తెలుగువాళ్లలో అతనికి ‘పాయింట్ల అల్లుడు’ అని పేరు స్థిరపడింది. కుండకైతే మూత పెట్టొచ్చు, ఊరి నోటికి ఏం పెడతాం?

ఆ నిశ్చితార్థం రోజే అతను మనసులో ఒక ఒట్టు పెట్టుకున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. శాశ్వత వీసా చేతికొచ్చేదాకా కిరణ్మయికి సంబంధించిన దేనిమీదా తన పేరు పడకూడదు. పడితే, ‘చూశారా, ఇందుకే చేసుకున్నాడు’ అంటారు. జాయింట్ అకౌంట్ తెరుద్దామని ఆ పిల్ల అడిగితే తర్వాత చూద్దామన్నాడు. కరెంటు బిల్లు మీద పేరు వద్దన్నాడు. డ్రైవింగ్ లైసెన్సు మీద బ్రహ్మచారిగా స్నేహితులతో ఉన్న ఇంటి అడ్రసు అలాగే ఉంచాడు. ఉత్తరాలు అక్కడికే వచ్చేవి, వెళ్లి తెచ్చుకునేవాడు. ఆఫీసులో, తనకేమైనా జరిగితే ఎవరికి కబురు చేయాలన్న చోట చలపతి అనే పాత రూమ్మేటు నంబరు ఉంది. పండగలకీ పుట్టినరోజులకీ ఫొటోలు తీసేది అతనే కాబట్టి ఏ ఫొటోలోనూ అతను లేడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఇల్లు తుడిచేవాడు, వండేవాడు, గడ్డి కోసేవాడు, అద్దె కట్టేవాడు.

ఇక్కడ పెళ్లి మీద వచ్చే వీసా రెండు మెట్లు. మొదట తాత్కాలికంగా ఇస్తారు. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి రెండేళ్లు నిండాక, ఇంకా కలిసే ఉన్నారా అని మళ్లీ చూసి, నమ్మకం కుదిరితే శాశ్వతం చేస్తారు. తేదీలో పాండురంగ ఏమరుపాటు పడే మనిషి కాదు. రెండేళ్లు నిండిన వారంలోనే కాగితాలన్నీ పంపాడు. లైసెన్సు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పెళ్లి ఫొటోలు నాలుగు. ఉన్నవి ఉన్నట్టు పంపాడు. మూడు నెలలకి జవాబొచ్చింది. మీరు కలిసి జీవిస్తున్నట్టు ఈ కాగితాల్లో కనిపించడం లేదు, ఇరవై ఎనిమిది రోజుల్లో ఆధారాలు పంపండి అని.

అప్పుడు నన్ను పిలిచారు. ఎరిగినవాళ్లు సాక్ష్యం రాయాలి కదా, అందుకు. శనివారం మధ్యాహ్నం వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో సిడ్నీ గిరావీన్ నుంచి బిందుమాధవి అనే మైగ్రేషన్ ఏజెంటు మాట్లాడుతోంది. పాండురంగ చేతులు కట్టుకుని కూర్చున్నాడు; బార్బీ నాటి మాటా, తన ఒట్టు సంగతీ నేను వెళ్లకముందే చెప్పేశాడట. కిరణ్మయి నిలబడే ఉంది.

“పెళ్లయిందని వాళ్లు నమ్ముతారండీ, సర్టిఫికెట్ ఉంది,” అంటోంది బిందుమాధవి. “వాళ్లడిగేది కలిసి బతుకుతున్నారా అని. డబ్బు ఇద్దరిదీ ఒకటేనా, ఇల్లు కలిసి నడుపుతున్నారా, నలుగురికీ భార్యాభర్తలుగా తెలుసా, ముందు ముందు కలిసి ఉండాలనుకుంటున్నారా. ఈ నాలుగూ. మీ ఫైల్ చూస్తే పాండురంగ గారు ఆ ఇంట్లో ఒక గది తీసుకుని అద్దెకుంటున్నట్టుందండీ. రెంట్ అని మీరే రాశారు.”

“ఇప్పుడు జాయింట్ అకౌంట్ తెరిస్తే?” అన్నాను నేను.

“తెరవండి మేడమ్. కానీ లెటర్ వచ్చాక తెరిచారని డేట్ చెప్తుంది కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.” ఆమె మళ్లీ అంది. “దొంగ పెళ్లిళ్ల ఫైళ్లు నేను చేయను గానీ, చూశాను. అవి దీనికన్నా నిండుగా ఉంటాయి. మొదటి నెల నుంచే అన్నిటి మీదా ఇద్దరి పేర్లూ ఉంటాయి. మీరు ఎందుకిలా ఉన్నారో ఉన్నదున్నట్టు రాయడమొక్కటే దారి. ఆ కారణం తెలిసినవాళ్లు సాక్ష్యం రాయాలి. ఆ మాటన్న పెద్దాయన రాస్తే మరీ మంచిది. కాదంటే తర్వాత అప్పీలు ఉంటుంది, కానీ అది ఎన్నేళ్లు పడుతుందో నేను చెప్పలేను.”

“మామని అడగొద్దు,” అన్నాడు పాండురంగ. ఏజెంటు ముందు అతనన్నది అదొక్కటే.

లాప్‌టాప్ మూసేశాక కిరణ్మయి కూర్చుంది. భార్యగా తన వంతు తను రాయాలి. అన్నిటికన్నా బరువైన సాక్ష్యం అదే. కాగితం ముందు పెట్టుకుని, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

“ఐ కాంట్ రైట్ దిస్, పాండు,” అంది. “నాన్నకి ప్రూవ్ చేశావు, తెలుగు అసోసియేషన్ అంకుల్స్‌కి ప్రూవ్ చేశావు. ఓకే. మరి నాకు? టూ ఇయర్స్‌గా నువ్వు డోర్ దగ్గర నిలబడ్డట్టే ఉన్నావు. ఎనీ డే వెళ్లిపోగలిగేలా. ఇక్కడ ఉండాలని ఉందని ఒక్కసారి కూడా అనలేదు. నాకే తెలీనిది గవర్నమెంట్‌కి ఏం చెప్పను?”

ఆమె తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. కారు వెళ్లిన చప్పుడు విని అతను లేచి నాకు టీ పెట్టాడు. ఏం మనిషో! ఇల్లు అంటుకుంటుంటే అతిథికి టీ. నాకు ఒళ్లు మండింది, వెంటనే జాలీ వేసింది.

“నీది ఆత్మగౌరవం కాదయ్యా, పంతం,” అన్నాను. “ఆ పిల్ల ఏమడుగుతోందో నీకు వినపడుతోందా?”

“వినపడతాండాది ఆంటీ.”

తొమ్మిది రోజులు ఎవరూ ఏమీ రాయలేదు. నేను మాత్రం నాకిచ్చిన ఫారం తీసి, నిశ్చితార్థం నాడు ఆయనన్న మాటా, అప్పుడు నేను నవ్వడమూ రాశాను. రెండో వాక్యం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఈశ్వరప్రసాద్ గారికి ఫోన్ చేద్దామనుకుని మానేశాను. నేను చేస్తే ఆయన రాస్తారు, సందేహం లేదు. కానీ అది మళ్లీ ఇతని వెనకాల ఇతని గురించి పెద్దలు మాట్లాడుకోవడమే అవుతుంది.

పదో రోజు సాయంత్రం పాండురంగ పని నుంచి నేరుగా మా గుమ్మంలోకి వచ్చాడు. బూట్ల నిండా ఇనుప పొడి.

“మామ ఇంటికి పోతాండా ఆంటీ. మీరు గూడా రాండి. కిరణ్మయిని ఆడికే రమ్మని చెప్పినా.”

మేం వెళ్లేసరికి ఈశ్వరప్రసాద్ గారు క్రికెట్ చూస్తున్నారు. కిరణ్మయి అప్పటికే వచ్చి, క్లినిక్ యూనిఫామ్‌లోనే సోఫా చివర కూర్చుని ఉంది. తండ్రికి ఆమె ఏమీ చెప్పినట్టు లేదు. ఆయన టీవీ శబ్దం తగ్గించారు.

“ఏంటయ్యా, దండయాత్రలా ఇంతమంది వచ్చారు?”

పాండురంగ కూర్చోలేదు. “మామా, ఆ పొద్దు బార్బీ కాడ మీరు నన్నొక మాట అడిగితిరి.”

“ఏ మాట?”

ఆయనకి నిజంగానే గుర్తులేదు. పాండురంగ ముఖం చూశాను. రెండేళ్లుగా తను మోస్తున్నది ఎవరి మాటో ఆ మనిషికే తెలియదని అతనికి అప్పుడే అర్థమైంది. నేనే చెప్పాను, పట్టకారుతో సహా. తర్వాత ఊళ్లో పుట్టిన పేరూ చెప్పాను, వీసా ఉత్తరం సంగతీ చెప్పాను.

“అదా! నవ్వులాటకన్నాను కదండీ, రత్నకుమారి గారూ,” అని మొదలుపెట్టి, కూతురి వైపు చూసి ఆగిపోయారు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

“ఆ పొద్దు నేను జవాబు చెప్పల్యా,” అన్నాడు పాండురంగ. “ఇప్పుడు చెప్తా. నాకు పీఆర్ కావాల మామా. శానా కావాల. వద్దన్నట్టు రెండేండ్లు నాటకమాడినా. అది రాకుంటే నేను కిరణ్మయి కాడ ఉండలేను. పంపిచ్చేస్తారేమోనని నాకు బువ్వ పోతల్యా. నాకు ఈడనే ఉండాలని ఉంది, ఈ పిల్లతోనే ఉండాలని ఉంది. అందుకే మీ సంతకం అడగను వచ్చినా. మీరన్న మాట గూడా అందులో రాయాల. ఊర్లో వాళ్లు ఏమన్నా అనుకోనీ.”

కిరణ్మయి అరచేతులతో ముఖం కప్పుకుంది. తర్వాత చేతులు తీసి, “సే ఇట్ టు మీ,” అంది.

అతను ఆమె వైపు తిరిగాడు. “నీ దగ్గర ఉండాలని ఉంది,” అన్నాడు.

ఆ పిల్ల ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. నేనెక్కడ చూడాలో తెలియక టీవీలో ఓవరు పూర్తయ్యేదాకా చూశాను.

ఈశ్వరప్రసాద్ గారు లేచి లోపలికి వెళ్లి పెన్ను తెచ్చుకున్నారు. ఫారంలో, ఈ బంధం నిజమైనదని మీరెందుకు నమ్ముతున్నారు అన్న ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగారు. పెద్ద పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాసి, సరిగ్గా ఉందో లేదో చూడమని నాకిచ్చారు. నా కాబోయే అల్లుణ్ణి నలభై మంది ముందు అవమానించాను, అది మరిచిపోయాను, అతను మరిచిపోలేదు, ఈ ఫైల్లో లేని ప్రతి కాగితానికీ కారణం నేనే, అని ఉంది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. సంతకం పెట్టమన్నాను.

ఇంటికి తిరిగొచ్చాక కిరణ్మయి తన వంతు ఆ డైనింగ్ టేబుల్ దగ్గరే అరగంటలో రాసేసింది. అందులో ఏముందో నేను చదవలేదు. బిందుమాధవి అన్నీ ఇరవై మూడో రోజున పంపింది. ఆ వారంలోనే పాండురంగ లైసెన్సు మీద అడ్రసు మార్పించాడు, బ్యాంకుకి వెళ్లి ఇద్దరి పేర్ల మీద ఖాతా తెరిచాడు. అవి ఫైలుకి పనికిరావని ఆవిడ ముందే చెప్పింది కదా అంటే, “ఫైలుకి కాదు ఆంటీ” అన్నాడు. అసోసియేషన్‌లో ఒకాయన నా దగ్గరే, పాయింట్ల అల్లుడు ఇప్పుడు నిద్రలేచాడే అని నవ్వాడు. ఈసారి నేను నవ్వలేదు. ఆయనకి నేనేమన్నానో ఇక్కడ రాయను.

అయిదు నెలల తర్వాత ఒక మంగళవారం పొద్దున పాండురంగకి పనిలో ఉండగా ఈమెయిలు వచ్చింది. వీసా ఇచ్చారు. వెంటనే కిరణ్మయి సెల్‌కి చేస్తే ఎత్తలేదు, పేషెంటుతో ఉంది. క్లినిక్ నంబరుకి చేశాడు. పెళ్లయ్యాక ఆ నంబరుకి చేయడం అదే మొదటిసారి. రిసెప్షన్‌లో అమ్మాయి, ఎవరు మాట్లాడుతున్నారని అడిగింది.

“‘హజ్బెండ్‌ని’ అన్నాను ఆంటీ,” అని చెప్పాడు నాకు. ఆ రోజు గురించి అతను అంతకుమించి ఏమీ చెప్పలేదు.