ఓవర్‌టైమ్‌కు లేచిన చెయ్యి

కరోనా టీకాలు వేస్తున్న రోజుల్లో నేను రియాద్‌లో, సులై లేబర్ క్యాంపులో ఉంటూ ప్లాస్టరింగ్ పనికి పోయేవాణ్ణి. ఎడమ జబ్బకు తాయెత్తు ఉందని నర్సుకు కుడి చెయ్యి చూపించాను. సూది కాస్త పైకి, భుజం కీలు పక్కన దిగింది. పది రోజులు నాకు చొక్కా కూడా ఇంకొకరు తొడగాల్సి వచ్చింది.

మా రూములో మల్లేశన్నకు తెలియని చట్టం లేదు. "అరే, గిది కేసైతది. నష్టపరిహారం అడుగు. ఫైసలా అయ్యేదాక చెయ్యి లేపకు" అని నాతో కంపెనీకి దరఖాస్తు పెట్టించాడు. నెల తిరిగాక విచారణకు క్యాంపు ఆఫీసుకు పిలిచారు. అప్పటికి నొప్పి చాలావరకు పోయింది. అయినా మల్లేశన్న తన పాత లుంగీ చింపి నా చేతిని మెడకు కట్టి పంపాడు.

చెయ్యి అసలు లేవడమే లేదని కంపెనీ డాక్టరుకు ఏడుపు మొహంతో చెబుతున్నాను. మా క్యాంపులో ఓవర్‌టైమ్‌కు ఒక పద్ధతి ఉంది. ఫోర్‌మన్ అడగ్గానే ఎవరి చెయ్యి ముందు లేస్తే పని వాళ్లకే. సరిగ్గా అప్పుడే ఫోర్‌మన్ ఖాన్ సాబ్ శుక్రవారం పనికి మనుషుల కోసం వరండాలోంచి అరిచాడు.

"జుమ్మా ఓవర్‌టైమ్ కౌన్ కరేగా?"

లుంగీ ముడి పటుక్కున ఊడింది. నా కుడి చెయ్యి ఫ్యాను దాకా లేచింది.

డాక్టరు పెన్నుకు మూత పెట్టేశాడు. ఖాన్ సాబ్ కిటికీలోంచి చూసి నా పేరు రాసుకున్నాడు.

ఆ శుక్రవారం పొద్దంతా సీలింగుకు ప్లాస్టరింగ్ చేశాను. భుజం నిజంగానే పట్టేసింది. మంచం మీద మూలుగుతుంటే మల్లేశన్న విసుక్కున్నాడు. "ఇగ చాలు తియ్, కేసు అయిపాయె గద!"

తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఆ మొదటి పది రోజుల నొప్పి నిజమేనంటే నా భార్య కూడా నమ్మదు.