బ్యాటరీ లైట్లో కొత్త బల్బు

మా ఆయన పోయాక ఆయన వస్తువులన్నీ వాళ్ళకీ వీళ్ళకీ ఇచ్చేశాను గానీ, బ్యాటరీ లైటు మాత్రం ఇవ్వలేదు. మూడు సెల్లులు పట్టే స్టీలు లైటు అది. మిరపకాయలు కళ్లంలో ఎండినన్నాళ్ళూ ఎవరో ఒకరు అక్కడే కాపలా పడుకోవాలి, లేకపోతే తెల్లారేసరికి సగం కాయ ఉండదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన పడుకునేవాడు. ఇప్పుడు నేను. ఒక్కదానివే ఎందుకమ్మా, ఎవరినైనా కూలికి పెట్టుకోరాదా అన్నవాళ్ళున్నారు. ఇంట్లో మాత్రం నాతో ఎవరున్నారని? కళ్లంలో అయితే కనీసం వదిన లైటు ఉంటుంది.

వదినంటే సొంత వదిన కాదు. కాలవ అవతల కళ్లం ఆమెది, ఊరు పక్క ఊరు. వరస కలిపి పిలుచుకుంటాం. ఆమె భర్త మా ఆయనకంటే ముందే పోయాడు. ఆమెకి దూరాన ఉన్న మనిషి పగలైనా ఆనదు, చెవులు దాదాపుగా వినపడవు, ఫోను చేస్తే "ఆఁ? ఆఁ?" అని పెట్టేస్తుంది. అందుకని పొద్దుగూకి, కాయల మీద పట్టాలు కప్పి, అన్నం తిన్నాక నేను లైటు రెండుసార్లు ఊపేదాన్ని. అటునుంచి ఆమె రెండుసార్లు ఊపేది. తిన్నాను, బాగానే ఉన్నాను, ఇక నడుం వాలుస్తాను, అన్నీ అందులోనే. రోజు మొత్తంలో నన్ను తిన్నావా అని అడిగేది ఆ లైటు ఒక్కటే.

ఈ ఏడు నా లైటు నీరసించిపోయింది. కొత్త సెల్లులు వేసినా కాళ్ళ ముందు పసుప్పచ్చగా ఓ మరక పడుతుందే తప్ప, అది కాలవ దాటుతుందో లేదోనని నాకు బెంగ. ప్రత్తిపాడులో ఎలక్ట్రిక్ షాపుకి తీసుకెళ్ళాను. షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పారేసి చార్జింగ్ లైటు కొనుక్కోండమ్మా" అన్నాడు.

"ఏది పారేయాలో నేను చూసుకుంటాను గానీ, బల్బు ఉందా లేదా చెప్పండి" అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పాపం ఆయన నవ్వేసి, పాత బల్బు చోటులోనే పట్టే ఎల్ఈడీ బల్బు ఒకటి తీసిచ్చాడు.

కళ్లానికొచ్చి నేనే బిగించాను. వెలగలేదు! నిలువునా ముంచాడు అని షాపాయన్ని తిట్టినంతసేపు తిట్టి, మళ్ళీ విప్పి చూస్తే సెల్లులు మూడూ తిరగేసి ఉన్నాయి. పాత బల్బు ఎటు వేసినా వెలిగేది. ఈ మహాతల్లికి ప్లస్సు ముందుండాలట! సరిగ్గా వేశాక చూడాలి, అబ్బ, ఏం వెలుగో! తెల్లగా, సూటిగా వెళ్ళి కాలవ అవతల వదిన పాక మీద పడింది. మా ఆయన చూసుంటే ఎంత మురిసిపోయేవాడో అనిపించి, కాసేపు ఊరికే అలా వేసుకుంటూ ఆర్పుకుంటూ కూర్చున్నాను.

అన్నం తిన్నాక గొప్పగా రెండుసార్లు ఊపాను. అప్పటిదాకా వెలుగుతున్న వదిన లైటు టక్కున ఆరిపోయింది. మళ్ళీ ఊపాను. అటునుంచి ఏమీ లేదు.

మర్నాడూ అంతే. నాకు తిక్క రేగింది. నేనేమన్నానని? వాళ్ళ కాయలో రంగు పోయిన తాలు ఎక్కువుందని మొన్నెప్పుడో అన్నాను, దానికేనా ఇంత? పోతే పోనీ, ఆమె లైటు ఊపకపోతే నాకు తెల్లారదా అనుకుని ముసుగుతన్నాను. ముసుగులో ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఏడ్చాక కోపం పోయి భయం పట్టుకుంది. జ్వరమేమో, ఎక్కడన్నా పడిపోయిందేమో.

తెల్లారగానే కాలవ దాటి వెళ్ళాను. వదిన పాక ముందు కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. నన్ను చూసి తెల్లబోయింది.

"నువ్వు ఇక్కడే ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను? నేను ఊపితే లైటు ఆర్పేస్తావేంటి వదినా?" అని ఆమె చెవి దగ్గర అరిచాను.

"ఆ తెల్లలైటు నీదా? నీది పచ్చది గదే! నువ్వు కాయ అమ్ముకుని వెళ్ళిపోయావు, నీ చోట ఎవరో మగాళ్ళు దిగారనుకున్నా. నేనొక్కదాన్నే ఉన్నానని తెలుస్తుందేమోనని లైటార్పుకుని కూచున్నా." కర్ర పక్కన పెట్టింది. "నీ పచ్చలైటు కోసం చూస్తానే ఉన్నా. ఒక్క మాటన్నా చెప్పకుండా పోయిందే అని ఎంత ఏడ్చానో."

"నేనూ ఏడ్చాను వదినా" అని మళ్ళీ ఆమె చెవిలో అరిచాను. మెల్లగా అంటే ఆమెకి వినపడేది కాదులెండి. పక్కనే కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆ సాయంత్రం నేను తెల్లలైటు రెండుసార్లు ఊపితే, వదిన రెండుసార్లతో ఆపలేదు. ఊపుతూనే ఉంది. "చాల్లే ఆపు వదినా, సెల్లులైపోతాయి!" అని ఇక్కణ్ణించి కేకలేస్తూ నవ్వుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకే ఆమె కాయ అమ్ముడైంది. బస్తాలు లారీకెత్తించి, కాలవ గట్టు దాకా వచ్చింది. "చెప్పే పోతున్నా. మళ్ళీ ఏడవబాకు" అంది. మళ్ళీ కాయ పండి కళ్లానికొచ్చేదాకా ఆమె ఊళ్ళో ఆమె, నా ఊళ్ళో నేను. నా కాయకి ఇంకా కాస్త ఎండ తగలాలి, నేను ఉండిపోయాను.

ఆ రాత్రి అన్నం తిన్నాక చెయ్యి ఊరుకోలేదు. లైటు తీసి రెండుసార్లు ఊపాను. వెలుగు కాలవ దాటి తిన్నగా వెళ్ళింది. పాకకి అడ్డంగా కట్టిన తడిక, ఊడ్చిన నేల, ఆమె వదిలేసిన చీపురు, అన్నీ కనపడ్డాయి. పాత బల్బయితే ఇవేవీ కనపడేవి కావు. ఆ చీకట్లో ఎక్కడో ఉండే ఉంటుంది, ఇవాళ తొందరగా నిద్రపట్టేసిందేమోలే అనుకుని నేనూ పడుకునేదాన్ని. ఆమె లేదని ఇంత బాగా చూపించమని దీన్నెవరడిగారు?