పెన్న వంతెన మీద పిలుపు

అరవయ్యో దశకం తొలి యేళ్ళలో, వానలు మొహం చాటేసిన కాలంలో, హుబ్బళ్ళి నుంచి గుంతకల్లు మీదుగా బెంగళూరు పోయే రాత్రి బండికి నన్ను స్లీపర్ పెట్టె కండక్టరుగా వేశారు. టికెట్లు చూడటం, బెర్తులు చూపించటం ఒక ఎత్తు. నడిరాత్రి దిగేవాళ్ళను వాళ్ళ స్టేషను రాకముందే లేపటం ఒక ఎత్తు. చార్టు చూసి, పేరు పెట్టి పిలవాలని మాకు నేర్పారు. ఆడవాళ్ళ గది అయితే బయటి నుంచే పిలవాలి, లోపలికి అడుగు పెట్టకూడదు. ఈ నియమం రాసిన పెద్దమనిషి ఎవరో గానీ, మా అనంతపురం జిల్లాలో ఒక్క రాత్రి కూడా పడుకుని ఉండడు.

హుబ్బళ్ళిలో నాగమ్మ అనే ఆమె ఎక్కింది. శింగనమల దగ్గరి పల్లె నుంచి పత్తి మిల్లు పనికి వలస పోయిన మనిషి. ఆమె కూతురు అనంతపురం ఆసుపత్రిలో కాన్పు కష్టమై పడి ఉంది.

"తెల్లారితే కడుపు కోస్తారంట సామీ. మాయమ్మ వస్తేనే ఒప్పుకుంటానని మొండికేసింది. నేను దిగకుంటే బిడ్డ దక్కదు. ఎట్లన్నా లేపు," అంది.

లేపుతానని మాటిచ్చాను.

గుంతకల్లు దాటాక పెన్న వంతెన మీద సిగ్నల్ లేక బండి నిలిచిపోయింది. నాగమ్మ పడుకున్న ఆడవాళ్ళ గది పెట్టెకు ఆ చివర, నేను ఈ చివర నా సీట్లోనే ఉన్నాను. కింద చుక్క నీరు లేదు, గాలి లేదు. డెబ్బై మంది పడుకున్న పెట్టెలో ఒక్క దగ్గు వినపడలేదు. ఎందుకో నాకు లేచి నడవబుద్ధి కాలేదు. కాసేపటికి బండి కదిలింది.

అనంతపురం దగ్గర పడుతుండగా ఆడవాళ్ళ గది తలుపు తట్టి, "నాగమ్మా!" అని పిలిచాను.

లోపలి నుంచి, నిద్రమత్తు ఏమాత్రం లేని గొంతు వచ్చింది. "రేపు రా."

రాత్రిపూట పేరు పెట్టి పిలిచేది మనిషే అని నమ్మకూడదని, ఆ పిలుపుకు అట్లా బదులిచ్చి పంపేయాలని మా ఊళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. మళ్ళీ పిలిచాను. ఈసారి బదులే లేదు. గడియ తీయలేదు. బండి వేగం తగ్గుతోంది. గట్టిగా పిలిచేకొద్దీ ఆమె నన్ను ఇంకా నమ్మదని అర్థమైంది.

పిలవటం మానేసి, నా సంగతి చెప్పటం మొదలుపెట్టాను. కండక్టరునని, నా పేరు, మాది కొత్తచెరువని చెప్పాను.

"ఎవురి కొడుకువప్పా?"

"గొర్రెల రామప్ప కొడుకును."

"మీ నాయన ఉండాడా?"

"పోయినాడు. మాయమ్మ ఉండాది."

గడియ తీసిన చప్పుడైంది. ప్లాట్‌ఫారం మీదికి దిగాక ఆమె చెప్పింది.

"నీకంటే ముందు ఒకతూరి పిలుపు వచ్చెనప్పా. అచ్చం నా బిడ్డ గొంతే. 'నాగమ్మా, ఊరొచ్చె, దిగు' అనె. లేచి తలుపు దాకా పోతి. నా బిడ్డ నన్ను అమ్మా అంటాది గానీ పేరు పెట్టి పిలుస్తాదా? రేపు రా అని వచ్చి పండుకుంటి."

ఎప్పుడని అడిగాను.

"బండి యాడో నిలిచిండె. కిటికీలోంచి చూస్తే కింద, శానా లోతుగా, ఇసుక తెల్లగా కనపడె."

ఆమెను జట్కా ఎక్కించమని పోర్టరుకు అప్పజెప్పి బండెక్కాను. ఆపరేషన్ జరిగిందని, తల్లీబిడ్డా క్షేమమని ఆ పోర్టరే తర్వాత చెప్పాడు.

ఆ రాత్రి తర్వాత నేను ఎవరినీ పేరు పెట్టి లేపలేదు. ముందు నా పేరు, ఊరు చెప్పేవాణ్ణి. ఇన్స్పెక్టరు ఒకసారి మందలించాడు కూడా. బండి వంతెన మీద ఆగితే మాత్రం సీట్లో కూర్చోకుండా, తలుపుకు అడ్డంగా నిలబడేవాణ్ణి. పిలిచింది ఎవరో తేల్చటం కండక్టరు పని కాదు. అక్కడ ఎవరూ దిగకుండా చూడటం అతని పని.