బంగళా ముందు తలుపు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో బంగళాల రోడ్డంత అందమైన రోడ్డు లేదని అందరూ అంటారు. అనేవాళ్లలో ఒక్కడూ ఆ గోడలకు సున్నం కొట్టినవాడు కాడు. నేనూ మా తమ్ముడూ కొట్టాం. పనికోసం ఈ హిందీ ఊరికి వచ్చిన తెలుగువాళ్లం, ఇద్దరం రైల్వే ఖలాసీలం. ఉద్యోగమంతా ఆ గోడలు గీకడం, పూయడం, ఆ పెంకులు సర్దడం. అందుకని నాలుగు మాటలు అనే హక్కు నాకుంది.

చదువు రాని రోజుల్లో ఆ గేట్లకు వేలాడే బోర్డులంటే నాకు భయం. ఏ చట్టం రాసిపెట్టారో అని దూరం నుంచే వంగి నడిచేవాణ్ణి. తల నెరిశాక రాత్రిబడికి పోయి అక్షరాలు కూడబలుక్కుని చదివి చూస్తే, కుక్కలున్నాయి జాగ్రత్త అని ఉంది. అంతే. దానికా నేను వంగింది!

కట్టడం గొప్పదంటారు. రైలు లైను పడ్డాక కంపెనీ దొరలు కట్టించుకున్నవి. ఎత్తు పునాది, మందపు గోడ, నిచ్చెన మీద నిచ్చెన వేస్తేగాని అందని కప్పు, చుట్టూ వరండా. ఎండకు మంచిదే, కాదనను. కానీ ప్రతి హాల్లోనూ ఒక చలిమంట గూడు, దాని మీద పొగగొట్టం! మే నెలలో కాకులు నోరు తెరుచుకుని కూర్చునే ఊళ్లో చలిమంట. ఎక్కడో మంచుదేశపు నక్షా తెచ్చి ఇక్కడ పరిచేశారు మేధావులు. ఆ గొట్టాల్లోంచి పొగ రావడం నేను చూడలేదు. పావురాల రెట్ట మాత్రం తట్టలకొద్దీ మోశాను.

బంగళాకూ బంగళాకూ మధ్య ఆటస్థలమంత జాగా. ఒకరి కూర వాసన ఒకరికి తగలకూడదు కాబోలు. వెనక మా క్వార్టర్ల వరసలో అయితే ఈ గోడకు మేకు కొడితే పక్కింట్లో దేవుడి పటం ఊగేది.

అసలు తెలివంతా తలుపుల్లో పెట్టారు. ముందు తలుపు దొరకి. పక్క తలుపు వంటవాడికి. స్నానాలగదికి బయటినుంచి పెట్టిన వెనక తలుపు మాకు. ఊడ్చేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, సున్నంవాళ్లు, అందరం దాంట్లోంచే. దొరలు పోయి మన ఆఫీసర్లు వచ్చారు. వరండాలకు అద్దాలు బిగించారు, గోడలు పొడిచి ఏసీలు పెట్టారు, పెంకులు పీకి రేకులేయించారు. ఆ వెనక తలుపు పద్ధతి ఒక్కదాన్నే భద్రంగా కాపాడుకున్నారు.

నాకు ఆ రోడ్డంటే రోత. మా తమ్ముడికి ప్రాణం. అక్కడే ఒక కప్పు మీంచి జారి కాలు వంకర చేసుకున్నవాడు, అయినా రోజూ సాయంత్రం కుంటుకుంటూ అటే పోతాడు.

"ఎంత సల్లగుంతాదో అన్నియ్యా ఆ సెట్లకింద."

"నీ కాలు మింగింది కదరా, ఇంకా సాల్నేదేటి?"

వాడు నవ్వేవాడు. చచ్చేలోగా ఒక్కసారి బంగళాలోకి ముందు తలుపునుంచి వెళ్లాలని వాడి కోరిక. ఇంతకన్నా చవక కోరిక నేను వినలేదు.

ఈమధ్య రైల్వేవాళ్లు పాతకాలపు కట్టడమని ఒక బంగళాను ముస్తాబు చేసి ఆదివారం జనానికి చూపిస్తామన్నారు. తమ్ముడు గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా ఇంటికొచ్చాడు.

"నానెందుకురా? ఆ కొంప నాకు తెల్దేటి?"

"ముందు గుమ్మం తెల్దు కదా," అన్నాడు.

చెప్పులేసుకుని వాడి వెంట నడిచాను.

పసుపు రంగు పులిమారు. ఎన్నడూ పొగ రాని గొట్టానికి రంగు బల్బులు చుట్టారు. ముందు మెట్లకు అడ్డంగా తాడు కట్టి, కాపలావాడు వెనకనుంచి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. "దాదా, పీఛే సే, పీఛే సే." తలుపుకి పెట్టిన పాలిష్ ఆరలేదట. సూట్లవాళ్లూ పట్టుచీరలవాళ్లూ వరసకట్టి స్నానాలగది తలుపులోంచి దూరుతున్నారు. నాకు కడుపు నిండిపోయింది.

"సూసినావురా! ఇయ్యాల అందరూ ఖలాసీలే."

వాడు నవ్వలేదు. తాడు దగ్గరే నిలబడి ఆ తలుపు వంక చూశాడు.

"ఎలిపోదాం అన్నియ్యా."

నాకు ఒళ్లు మండింది. తాడు ఎత్తాను. కాపలావాడు అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. వాడితో నేను హిందీలో ఏమన్నానో ఇక్కడ రాయను. చివరికి ఆ కాపలావాడే లోపలికి పోయి గడియ తీశాడు.

తమ్ముడు ఒక్కో మెట్టూ ఎక్కి, గుమ్మం ముందు చెప్పులు విప్పాడు.

"గుడేట్రా ఇది?"

"నేల మాసిపోద్ది. మనం రుద్దిన నేలే కదా."

కుంటికాలు ముందుపెట్టి లోపలికి వెళ్లాడు. నేను వెళ్లలేదు. వరండాలో నిలబడి వాడి చెప్పులకు కాపలా కాశాను. కాసేపటికి అదే గుమ్మంలోంచి బయటకొచ్చాడు, మొహం చిట్లించుకుని.

"ఏటున్నాదిరా లోపల?"

"ఏటీ నేదు. గోడ గీక్కుండానే రంగేసినారు, అదీ ఒక్క పూతే. దొంగనాకొడుకులు."

ఆ రోడ్డు మీద వాడి నోట ఒక్క చెడ్డమాట వినాలని ఎన్నేళ్లు కాచుకున్నానో నాకే తెలుసు. దారంతా నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

మర్నాడు సాయంత్రం మళ్లీ కుంటుకుంటూ అటే పోయాడు, సిగ్గులేని వెధవ.