నేల తినని కుట్టు

మట్టి టీచరు క్లాసులో ఒక పద్ధతి ఉంది. పాత గుడ్డను గోతిలో పెట్టేముందు అది ఎవరిదో, ఇంట్లో ఎవరిని అడిగి తెచ్చారో అందరికీ వినపడేలా చెప్పాలి. "మా తాతయ్య బనీను టీచర్, పట్టుకుపోరా పీడా పోతుంది అన్నాడు" అని ఒకడంటే కొత్త పిల్లలు కిసుక్కున నవ్వుతారు. పాత పిల్లలు నవ్వరు. ఆ పద్ధతి ఎలా వచ్చిందో వాళ్లకు తెలుసు.

ఆవిడకు ఆ పేరు ఊరికే రాలేదు. ఆ బడికి వచ్చిన కొత్తలో వెనక పెరడంతా ఇటుక ముక్కలు, సున్నం పెళ్లలు. గడ్డిపోచ మొలిస్తే ఒట్టు. "జీవశాస్త్రం చెప్పమన్నారు గాని, జీవమున్న జాగా జానెడు చూపించలేదు" అని గొణుక్కుంటూ ఆవిడే పార పట్టింది. ఏటా పిల్లలతో రాలిన ఆకులు ఏరించింది, ఇళ్లలోంచి కూరగాయల తొక్కలు తెప్పించింది, వానపాముల్ని డబ్బాలో పెట్టుకుని పసిబిడ్డను తెచ్చినంత పదిలంగా తెచ్చింది. గోళ్లసందున మట్టితోనే స్టాఫ్‌రూములోకి వస్తే లెక్కల మాస్టారు కుర్చీ జరుపుకునేవాడు.

"మీరు కడుక్కున్నారో లేదో గాని మేడమ్, చూస్తుంటే నా చేతులు కడుక్కోవాలనిపిస్తోంది."

"కడుక్కోండి మాస్టారూ. మీ సుద్దపొడి కంటే నా మట్టే నయం."

ఆ నేలకు ప్రాణం వచ్చిందా లేదా తేల్చడానికి పిల్లల చేత ఒక పరీక్ష చేయించేది. వానలు మొదలవగానే నూలు గుడ్డ పాతిపెట్టాలి, వానలు వెలిశాక తవ్వి చూడాలి. చచ్చిన నేలలో గుడ్డ పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ప్రాణమున్న నేలైతే, కంటికి ఆనని జీవాలు దాన్ని కొరుక్కు తినేస్తాయి. మొదటి ఏడు తవ్వితే గుడ్డ ఉతికి ఆరేసుకునేలా వచ్చింది. ఆ తర్వాత చిల్లులు పడింది, ఆపైన పేలికలైంది. చిరుగులు చూసి మురిసిపోయే మనిషి లోకంలో ఆవిడొక్కతే.

ఆ మరుసటి ఏడు క్లాసులో దర్జీ కూతురు చేరింది. సన్నగా ఉంటుందని పిల్లలు 'సూది' అని పిలిచేవారు. తల్లి పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

గుడ్డలు తెమ్మన్నప్పుడు టీచరు ఆ పిల్ల వైపే వేలు చూపించింది. "సూదీ, నీకే చెప్తున్నా. మిషను కింద పడ్డ కత్తిరింపులు తెచ్చావో ఊరుకోను, అందులో ఏం కలిసిందో తెలీదు. కొత్తదీ వద్దు, గంజి ఉంటుంది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుదై ఉండాలి. ఇంట్లో ఎవరూ తొడుక్కోనిదై ఉండాలి."

ఆ పిల్ల పొల్లుపోకుండా విన్నది. మంచం కింది పెట్టెలో సరిగ్గా అలాంటి చొక్కానే దొరికింది. తెచ్చి పాతింది.

వానలు ఇంకా వెలవకముందే ఒకరోజు దర్జీ బడికి వచ్చాడు. మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయాడు. వెనకాలే కూతురు, ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి ఉంది.

"టీచరమ్మా, మా అమ్మాయి ఒక చొక్కా పాతిందట. అది వాళ్లమ్మ కుట్టింది. పెళ్లయిన కొత్తలో నా దగ్గర పని నేర్చుకుని మొట్టమొదట కుట్టింది. కాలరు ఓ పక్కకి వాలిపోయింది, అయినా అన్నేళ్లూ అదే తొడిగాను. తను పోయాక తొడగబుద్ధి కాలేదు. తీసి ఇచ్చెయ్యండమ్మా. మట్టయితే అయింది, నేను ఉతుక్కుంటాను."

టీచరు చూపు పెరటి వైపు పోయింది. కిందటి వారమే మొక్కలకు గుల్ల చేస్తూ ఆ మట్టిని పిడికిట పట్టి చూసింది. కాటుకలా నల్లగా, వెచ్చగా ఉంది. అంత మంచి మట్టి ఆ పెరట్లో ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి, ఈ నేల చచ్చిన నేలై ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

కుక్కలు లాక్కుపోయాయి అనేద్దామా అని ఒక్క క్షణం నాలుక దాకా వచ్చింది. తలుపు పట్టుకు నిలబడ్డ పిల్లను చూసి ఆ మాట మింగేసింది.

"తప్పు మీ పిల్లది కాదన్నా. నేను ఎలాంటిది తెమ్మన్నానో అలాంటిదే తెచ్చింది. ఎవరిదని నేనే అడగలేదు. రండి, తవ్వుదాం. కానీ దొరుకుతుందని మాటివ్వలేను."

"దొరక్కపోవడమేంటమ్మా? పాతింది ఎక్కడికి పోతుంది, కాళ్లొచ్చాయా?"

సూది తను గుర్తుగా గుచ్చిన పుల్ల దగ్గర కూర్చుంది. దర్జీ పార వద్దన్నాడు. వేళ్లతోనే మట్టి తీశాడు, పాత కుట్లు విప్పేంత నెమ్మదిగా. ముందు ఒక గుండీ వచ్చింది. తర్వాత దారం తగిలింది.

గుడ్డ పోగు కూడా లేదు. కుట్లు మాత్రం ఉన్నాయి. పక్క కుట్టు, చేతి అంచు, కాజాలు, మెడ చుట్టూ తిరిగిన దారం. చొక్కా పోయి, చొక్కాకి గీసిన గీత మిగిలింది.

అతను దాన్ని అరచేతుల మీదికి ఎత్తుకున్నాడు.

"పాలిస్టర్ దారం," అన్నాడు. "నూలుకి నూలు దారమే వెయ్యాలే, ఉతికితే గుడ్డ కుదించుకుని కుట్టు ముడతలు పడుతుందే అని మొత్తుకున్నా. వింటేనా? ఇదైతే మన తర్వాత కూడా ఉంటుంది అంది. మొండిఘటం." మెడ దారాన్ని వేలితో సరిచెయ్యబోయాడు. "కాలరు చూడండి. ఇప్పటికీ వంకరే."

"నాకు తెలీదు నాన్నా..."

"తెలిస్తే తెచ్చేదానివా తల్లీ? నీకు చెప్పనిది నేను. పెట్టెలో పెట్టి మూతేసుకున్నాను." జేబులోంచి చేతిరుమాలు తీసి, దారాల్ని అందులో పరిచి మడిచాడు. "మిగతాదంతా ఏమైందమ్మా?"

ఏటా ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉండే మనిషి ఆవిడ. పిల్లలు అడిగితే చాలు, గంట కొట్టినా ఆపేది కాదు. ఆరోజు మాత్రం గోతి అంచున చెయ్యి ఆనించి, "ఇందులోనే ఉందన్నా" అని ఊరుకుంది.

దర్జీ గుప్పెడు మట్టి తీసుకున్నాడు. వాసన చూశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే పట్టుకుని, మళ్లీ గోతిలోనే వదిలాడు.

"కప్పేయ్ తల్లీ," అన్నాడు కూతురితో. "ఎండ తగిలితే లోపలి ప్రాణులు చచ్చిపోతాయని నువ్వేగా చెప్పావు."

ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే మట్టి లాగి కప్పారు. టీచరు పక్కనే నిలబడింది. పార అందివ్వలేదు.